స్ట్రాడివారి ఫిడేలుకు వంద కోట్లు: చెక్కకా, చీటీకా?

#1 కమానుపుల్ల (హైదరాబాద్)
పదేళ్ళు కర్ణాటక సంగీతం నేర్చుకుని, ఉద్యోగంలో పడ్డాక వదిలేసినవాణ్ణి. వాయించడం పోయింది కానీ ఫిడేళ్ళ గురించి చదివే పిచ్చి పోలేదు. 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో సోథ్‌బీస్ వాళ్ళు వేలం వేసిన 'యోఆకిమ్-మా' స్ట్రాడివేరియస్ సంగతి మొన్న మళ్ళీ చదివాను. ఆంటోనియో స్ట్రాడివారి 1714లో చేసిన ఫిడేలు అది. 1 కోటి 20 లక్షల నుంచి 1 కోటి 80 లక్షల డాలర్ల దాకా పలుకుతుందని ముందు అంచనా వేశారు. పాట కోటి డాలర్ల దగ్గర ఆగిపోయింది. కమిషన్ కలిపితే 1 కోటి 12.5 లక్షల డాలర్లు. అప్పటి రేటులో మన డబ్బు సుమారు 98 కోట్లు.

నా సందేహాలు రెండు. అంచనా కంటే తక్కువకు ఎందుకు పోయింది? అసలు మూరెడు డొక్క, జానెడు మెడ ఉన్న చెక్క డబ్బాకు అంత రేటేమిటి? తెలిసినవాళ్ళు చెప్పండి. "పాతదైతే బాగుంటుంది" అని మాత్రం అనకండి. ఆ మాట చింతకాయ పచ్చడికి సరిపోతుంది.

#2 సందేహాల సత్తి
వంద కోట్లు పెట్టి కొన్నా శ్రుతి మాత్రం మనమే పెట్టుకోవాలిగా.

#3 లెక్కల మాస్టారు (తెనాలి)
బ్యాంకులో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయ్యాను. సంగీతం తెలియదు, వడ్డీ లెక్క తెలుసు. కాబట్టి ఆ ముక్కే చెబుతాను.

అంచనా అనేది అమ్మేవాడి ఆశ. దాన్ని రేటు అనుకోకూడదు. పైగా ఈ స్థాయి ఫిడేళ్ళలో చాలావరకు వేలానికే రావు. డీలరు, కొనేవాడు, మధ్యలో ఒక లాయరు, అంతే. ఎంతకు పోయిందో బయటికి పొక్కదు. ఆ కాలపు ఇంకో మేస్త్రి గ్వార్నేరి దెల్ జెసు చేసిన 'వ్యూతాం' ఫిడేలు (1741) 1 కోటి 60 లక్షల డాలర్లు దాటిందని పత్రికలు రాశాయి గానీ అసలు అంకె ఎవరూ చెప్పలేదు.

వేలంలో స్ట్రాడ్‌కు (స్ట్రాడివారి ఫిడేలును అలా అంటారు) పలికిన పెద్ద ధర 1721 నాటి 'లేడీ బ్లంట్'ది. 2011 జూన్‌లో 1 కోటి 59 లక్షల డాలర్లు. జపాన్‌లో నిప్పన్ మ్యూజిక్ ఫౌండేషన్ అనే సంస్థ దాన్ని అమ్మి, డబ్బు మొత్తం ఆ ఏడాది భూకంపం, సునామీ బాధితులకు ఇచ్చింది. అదే ఫిడేలు 1971లో లండన్‌లో 84,000 పౌండ్లకు పోయింది. 2011 ధరను పౌండ్లలో చూస్తే 98 లక్షలు. 40 ఏళ్ళలో 116 రెట్లు. చక్రవడ్డీ లెక్కలో ఏడాదికి 12.6 శాతం. నోరూరుతుంది కదా?

ఇప్పుడు రెండోది చూడండి. 'డా విన్చీ, ఎక్స్-సైడెల్' అని ఇంకో స్ట్రాడ్, అదీ 1714దే. తోషా సైడెల్ అనే కళాకారుడు 1924లో 25,000 డాలర్లకు కొన్నాడు. 2022 జూన్‌లో వేలంలో 1 కోటి 53 లక్షల 40 వేల డాలర్లు వచ్చింది. 613 రెట్లు! కానీ మధ్యలో 98 ఏళ్ళు గడిచాయి. లెక్క వేస్తే ఏడాదికి 6.8 శాతం. మన ఫిక్స్‌డ్ డిపాజిట్ రేటు. అందులోంచి ఇన్సూరెన్సు, మరమ్మతులు, డీలరు కమిషను తీసేయాలి, అవి నేను తీయలేదు. చేసిన చెయ్యి ఒకటే, ఏ ఏడాది కొన్నారు, ఏ ఏడాది అమ్మారు అన్నదాన్ని బట్టి లెక్క తారుమారు. "స్ట్రాడ్ కొంటే బంగారమే" అనే ఏజెంట్లు మొదటి లెక్కే చూపిస్తారు, రెండోది చూపించరు.

#4 కమానుపుల్ల
మాస్టారూ, దండాలు. డా విన్చీ అంటే లియొనార్డో డా విన్చీ వాడిందా?

#5 క్రెమోనా కుర్రాడు
అన్నా, ఆయనకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఆయన 1519లోనే పోయాడు, స్ట్రాడివారి అప్పటికింకా పుట్టలేదు. 1920ల్లో పారిస్ డీలర్లు మూడు స్ట్రాడ్‌లకు చిత్రకారుల పేర్లు పెట్టి అమ్మకానికి పెట్టారు: డా విన్చీ, మైకలాంజెలో, టిషియన్. మన దగ్గర అపార్ట్‌మెంట్లకు 'వైట్ హౌస్', 'తాజ్ రెసిడెన్సీ' అని పెట్టినట్టే.

నేనిక్కడ ఇటలీలో, స్ట్రాడివారి ఊరు క్రెమోనాలోనే ఉంటున్నా. మిలాన్ పాలిటెక్నిక్ వాళ్ళకు ఈ ఊళ్ళో క్యాంపస్ ఉంది, అందులో మ్యూజిక్ అండ్ అకౌస్టిక్ ఇంజనీరింగ్ మాస్టర్స్. మాది నల్గొండ. వచ్చిన కొత్తలో ఊరంతా ఫిడేలు బొమ్మలే చూసి నవ్వొచ్చింది. బేకరీలో చాక్లెట్ ఫిడేలు, ఫార్మసీ అద్దం మీద ఫిడేలు. ఇప్పుడు అలవాటైపోయింది. వందకు పైగా వర్క్‌షాపులున్నాయి, వీధిలో పోతుంటే కిటికీ లోంచి చెక్క చిత్రిక పట్టే చప్పుడు వినిపిస్తుంది.

#6 ఇజీనారం మాస్టారు (విజయనగరం)
బాబూ, ఆ స్ట్రాడివారి గారి సంగతి కొంచెం చెప్పు. ఫిడేలు వాయించి నలభై ఏళ్ళయింది, పిల్లలకు పాఠం చెబుతూనే ఉన్నాను. ఆయన పేరు రోజూ వింటాం గానీ మనిషి ఎవరో ఎవరూ చెప్పరు.

#7 క్రెమోనా కుర్రాడు
మాస్టారూ, నాకు తెలిసినంత చెబుతాను.

పుట్టింది సుమారు 1644. ముసలితనంలో ఆయన ఫిడేలు లోపల అంటించే చీటీల మీద తన వయసు కూడా రాసుకునేవాడు, అందులోంచి వెనక్కి లెక్కగట్టిన ఏడాది అది. 1737 డిసెంబరులో పోయాడు. అంటే తొంభై దాటాక కూడా ఉలి వదలలేదు. మొత్తం 1,100 దాకా వాయిద్యాలు చేసి ఉంటాడని అంచనా. ఇప్పుడు మిగిలినవి 650 దాకా, అందులో ఫిడేళ్ళు 500 చిల్లర. మిగతావి చెల్లోలు, వయోలాలు (ఫిడేలు కుటుంబంలోనే పెద్ద సైజువి), కొన్ని గిటార్లు. 1700 నుంచి 1720 చిల్లర దాకా చేసినవాటిని స్వర్ణయుగం అంటారు, రేటు కూడా వాటికే ఎక్కువ.

గుడిసెలో పస్తులుండి కళను నమ్ముకున్న మనిషి అనుకోకండి. రాజులు, కార్డినల్స్ ఆర్డర్లిచ్చేవాళ్ళు. 1680లో శాన్ డొమెనికో చర్చి ఎదురుగా సొంత ఇల్లు కొన్నాడు. 'స్ట్రాడివారి అంత డబ్బున్నోడు' అని ఊళ్ళో సామెతే ఉండేదట. ఇద్దరు భార్యలు (మొదటావిడ పోయాక రెండో పెళ్ళి), పదకొండు మంది పిల్లలు. ఇద్దరు కొడుకులు ఫ్రాన్సెస్కో, ఒమోబోనో ఆయన దగ్గరే పని చేశారు. పాపం, తండ్రి పోయిన ఆరేళ్ళలోపే ఇద్దరూ పోయారు. ఆయన్ని పాతిపెట్టిన చర్చిని 1869లో పడగొట్టేశారు. ఇప్పుడక్కడ పార్కు, సమాధి రాయి ఒకటి పెట్టారు. సాయంత్రం ముసలాళ్ళు బెంచీల మీద పేపరు చదువుకుంటూ ఉంటారు.

నాకు ఒళ్ళు జలదరించింది మాత్రం ఇక్కడి ఫిడేళ్ళ మ్యూజియంలో. ఫిడేళ్ళ గది దగ్గర కాదు, దాని ముందు గదిలో. ఆయన వాడిన చెక్క అచ్చులు, కాగితం నమూనాలు, పనిముట్లు అక్కడున్నాయి. అచ్చుల మీద పెద్ద అక్షరాలు: P, S, G... అంటే మొదటిది, రెండోది, పెద్దది. కంపాసు ముల్లు గుచ్చిన చిన్న చిన్న కన్నాలు ఇంకా కనిపిస్తాయి. మా ఊళ్ళో వడ్రంగి మల్లయ్య తాత తలుపు చెక్కల మీద పెన్సిల్‌తో రాసుకునే గుర్తులు గుర్తొచ్చాయి నాకు.

అవి ఎలా మిగిలాయంటే, కోజియో అని ఒక జమీందారు, ఇరవై ఏళ్ళ కుర్రాడు, స్ట్రాడివారి చిన్న కొడుకు పావోలో దగ్గర మిగిలిన ఫిడేళ్ళు, అచ్చులు అన్నీ 1770ల్లో కొనేశాడు. ప్రతి ఫిడేలు కొలతలూ నోటు పుస్తకాల్లో రాసుకున్నాడు. ఆయన వారసుల నుంచి 1920లో ఫియొరీని అనే ఫిడేళ్ళ మేస్త్రి కొన్నాడు. 1930లో ఊరికి దానం ఇచ్చేశాడు.

#8 సందేహాల సత్తి
అంటే కలెక్టర్ల పిచ్చి ఆయన పోయిన నలభై ఏళ్ళకే మొదలైందన్నమాట. మరి ఇంత ఖర్చు పెట్టిన వాటికి శబ్దం నిజంగా వేరుగా ఉంటుందా? ఎవరైనా కళ్ళకు గంతలు కట్టి చూశారా?

#9 కమానుపుల్ల
కట్టారు. ఈ ముక్క కోసమే ఎదురు చూస్తున్నా.

2010లో అమెరికాలో ఇండియానాపోలిస్‌లో పెద్ద వయొలిన్ పోటీ జరుగుతుంటే, క్లాడియా ఫ్రిట్జ్ అనే శాస్త్రవేత్త, జోసెఫ్ కర్టిన్ అనే ఫిడేలు తయారీదారు కలిసి 21 మంది వాయిద్యకారుల్ని పిలిచారు. హోటల్ గది, మసక వెలుతురు, కళ్ళకు వెల్డింగ్ వాళ్ళ గాగుల్స్. పాత చెక్క వాసన పట్టేస్తారని గడ్డం ఆనించే చోట సెంటు కూడా పూశారు. కొత్త ఫిడేళ్ళు మూడు, స్ట్రాడ్‌లు రెండు, దెల్ జెసు ఒకటి. పాత మూడింటి విలువ కలిపి కోటి డాలర్లు, కొత్త మూడింటికి వంద రెట్లు. చివరికి అందరికంటే తక్కువ మందికి నచ్చింది ఏదో తెలుసా? ఒక స్ట్రాడ్!

2012లో పారిస్‌లో ఇంకో పరీక్ష. ఈసారి పేరున్న సోలోయిస్టులు పదిమంది, ఆరు పాతవి, ఆరు కొత్తవి. హాల్లో కూడా వాయించారు. పదిమందిలో ఆరుగురు కొత్తదే ఎంచుకున్నారు. తర్వాత శ్రోతలతో చేసిన పరీక్షల్లోనూ హాల్లో వెనక వరసదాకా కొత్తవే బాగా వినిపించాయన్నారు.

#10 న్యూజెర్సీ వాణి
ఇది మా ఇంట్లో రోజూ నడిచే గొడవ అండీ. అమ్మాయి వెస్టర్న్ వయొలిన్ నేర్చుకుంటోంది, వచ్చే ఏడాది కన్సర్వేటరీ (సంగీత కాలేజీ) ఆడిషన్లు. టీచరుగారు "ఇంకా మంచి వాయిద్యం కావాలి, కనీసం పాతికవేల డాలర్లు" అంటున్నారు. మా ఆయన ఈ గంతల పరీక్ష ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అంటించారు. పాత ఇటాలియన్ ఒకటి చూడమని డీలరు ఫోన్ మీద ఫోన్. ఏం చేయాలో తోచడం లేదు, నాకు టెన్షన్.

#11 బందరు రోడ్డు బెంచీ (విజయవాడ)
అమ్మా, నేను ఫిడేళ్ళు, తంబురాలు బాగుచేసేవాణ్ణి. మా నాన్నగారి నుంచి వచ్చిన పని. మొదట కమానుపుల్ల గారికి ఒక మాట.

ఆ పరీక్ష తప్పని అనను. కానీ పరీక్షలో పెట్టిన స్ట్రాడ్, స్ట్రాడివారి చేతిలోంచి వచ్చిన స్ట్రాడ్ ఒకటి కాదు. ఆయన కాలంలో మెడ పొట్టిగా ఉండేది, తీగలు పేగుతో చేసినవి, బిగువు తక్కువ. 1800 తర్వాత పెద్ద హాళ్ళు వచ్చాయి, శ్రుతి పైకి జరిగింది. దాంతో దాదాపు అన్ని పాత ఫిడేళ్ళకూ మెడ కోసి పొడుగు మెడ అతికించారు. పైన తల మాత్రం పాతదే ఉంచుతారు. లోపల ఎడమ వైపు అంటించే బేస్ బార్ అనే బద్ద కూడా తీసేసి పెద్దది వేశారు. తీగల్ని మోసే బ్రిడ్జి కొత్తది, లోపల నిలబెట్టే సౌండ్ పోస్ట్ పుల్ల కొత్తది, బిరడాలు కొత్తవి. ఆ పుల్ల అర మిల్లీమీటరు జరిగితే గొంతే మారిపోతుంది. ఎవరు సెట్టింగ్ చేశారు అన్నది చెప్పకుండా ఫిడేలు గెలిచింది, ఓడింది అంటే నాకు నమ్మకం కుదరదు.

ఇంక మీ విషయం అమ్మా. పాతికవేలలో పాత ఇటాలియన్ అంటే ఎక్కడో ఒక చోట పగులో, అతుకో, కాగితం లేని అనుమానమో ఉంటుంది. అదే డబ్బుకు ఈ రోజు చేస్తున్న మంచి మేస్త్రి పని వస్తుంది. పాపాయిని ఒకటి రెండు వారాలు ఇంటికి తెచ్చుకుని వాయించి చూడమనండి. ఎక్కడైనా ట్రయల్‌కు ఇస్తారు. ఇవ్వనంటే ఆ షాపు వదిలేయండి.

#12 కమానుపుల్ల
బెంచీ గారూ, ఒప్పుకుంటాను. కానీ మీరు చెప్పినదే నా వాదనకు బలం. మెడ మారింది, బద్ద మారింది, బ్రిడ్జి మారింది. అయినా రేటు మాత్రం పైకే. అంటే శబ్దానికి కాదుగా డబ్బు?

#13 క్రెమోనా కుర్రాడు
డొక్క మారలేదు కదన్నా. పైపలక, వెనకపలక, వాటి వంపు, మందం ఆయన చెక్కినవే. మా ల్యాబులో చేసే పని కూడా దాని మీదే. వార్నిష్‌లో రహస్యం ఉందని వందేళ్ళు జనం వెతికారు. 2009లో ఒక ఫ్రెంచ్ బృందం ఐదు స్ట్రాడ్‌ల నుంచి పిసరంత పొట్టు తీసి చూసింది. అప్పటి చిత్రకారులు వాడే నూనె వార్నిషే, ఎరుపు రంగు పొడులు కొన్ని. అంతే. చలికాలాలు ఎక్కువై చెట్లు మెల్లగా పెరిగి చెక్క గట్టిపడిందని ఒక వాదన, పురుగు పట్టకుండా కలిపిన లవణాల వల్ల అని ఇంకో వాదన. పైపలక చెక్క ఆల్ప్స్‌లో ఫియెమ్మే లోయ స్ప్రూస్ అంటారు, వెనకపలక మేపుల్. ఆ అడవి ఇప్పటికీ ఉంది, ఇక్కడి మేస్త్రులు అక్కడి నుంచే తెచ్చుకుంటున్నారు. అందరికీ అదే చెక్క దొరికినా అందరూ స్ట్రాడివారి కాలేదు, అది వేరే సంగతి.

ఇంకో సరదా విషయం. 2019 జనవరిలో ఐదు వారాలపాటు మ్యూజియంలోని ఫిడేళ్ళ ఒక్కో స్వరాన్నీ రికార్డ్ చేశారు, కంప్యూటర్‌లో దాచడానికి. మైకులు ఎంత సున్నితం అంటే, రాళ్ళు పరిచిన వీధిలో ఎవరో హైహీల్స్ వేసుకుని నడిచినా పట్టేసేవి. దాంతో చుట్టుపక్కల వీధుల్లో కార్లు ఆపేశారు, నిశ్శబ్దంగా ఉండమని మేయర్ ఊరికి చెప్పాడు. మా ఇంటి ఓనరమ్మ ఆ రోజులు చెబుతుంటే పరీక్షలప్పుడు మా నాన్న టీవీ ఆపించినట్టే అనిపించింది.

#14 ఇజీనారం మాస్టారు
నాదొక చిన్న మాట. మన సంగీతంలోకి ఫిడేలు తెచ్చినవారిలో ముందు చెప్పే పేరు బాలుస్వామి దీక్షితులు గారిది, ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు. 1786లో పుట్టారు. అంటే స్ట్రాడివారి పోయి అప్పటికి యాభై ఏళ్ళు. మనం డబ్బా మార్చలేదు, పట్టుకునే తీరు మార్చాం. కింద కూర్చుని ఫిడేలు తల కాలి చీలమండకు ఆనించాం, తీగల్ని స-ప-స-ప చేశాం, శ్రుతి దించాం. గమకం పలకాలంటే తీగ మీద వేలు జారాలి. పెద్ద హాల్లో వంద మంది ఆర్కెస్ట్రాను దాటి వినిపించాలని బిగించిన వాయిద్యం మనకు అక్కరలేదు. ఒకసారి విదేశీ మిత్రుడొకరు మంచి పాత జర్మన్ ఫిడేలు చేతికిచ్చారు. మన శ్రుతికి దించితే గొంతు పట్టేసిన మనిషిలా మూలిగింది. నా పదిహేను వేల ఫిడేలే హాయిగా పలికింది.

కాబట్టి ఆ వంద కోట్లది ఎవరైనా ఇస్తానన్నా నాకొద్దు బాబూ.

#15 సందేహాల సత్తి
మాస్టారూ, వద్దనకండి. తీసుకుని నాకివ్వండి.

#16 లెక్కల మాస్టారు
శబ్దం సంగతి మీరంతా చెప్పారు. రేటుకు అసలు ఆధారం కాగితం. పొలం ఎంత బాగున్నా పట్టాదారు పాస్‌బుక్ లేకపోతే ఏమవుతుందో, ఇక్కడా అదే. ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వచ్చింది, మధ్యలో ఏ ఏడాదైనా ఖాళీ ఉందా, పేరున్న నిపుణుడు సంతకం పెట్టాడా. లండన్‌లో పేరున్న డీలర్లు హిల్ అండ్ సన్స్ కాగితం ఉంటే ఒక రేటు, లేకపోతే ఇంకో రేటు. ఇబ్బంది ఏమిటంటే కాగితం ఇచ్చేవాళ్ళే చాలాసార్లు అమ్మేవాళ్ళు కూడా. సబ్ రిజిస్ట్రారే రియల్ ఎస్టేట్ నడిపితే ఎలా ఉంటుంది? వియన్నాలో అలాంటి పెద్ద డీలరు ఒకడు 2012లో జైలుకు పోయాడు.

చెక్క వలయాలు లెక్కబెట్టే పద్ధతి కూడా వచ్చింది. ఆక్స్‌ఫర్డ్ మ్యూజియంలో 'మెస్సయా' అని 1716 స్ట్రాడ్ ఉంది. కొత్తదానిలా మెరుస్తుంది, ఎవరూ వాయించరు. అది నిజంగా స్ట్రాడివారిదా, పందొమ్మిదో శతాబ్దపు నకలా అని కొట్టుకున్నారు. పైపలకలో చివరి వలయం 1680ల నాటిదని తేల్చారు. చెట్టు అంతకు ముందు కొట్టలేదని మాత్రమే దాని అర్థం, కానీ చెక్క ఆ కాలానిదే అని తేలింది.

పేరున్న మనుషులు వాడినా రేటు పెరుగుతుంది. యోఆకిమ్ అనే పెద్ద విద్వాంసుడి చేతిలో ఉన్నది అంటే, ఆయన మొదట వాయించిన బ్రామ్స్ అనే స్వరకర్త వయొలిన్ కాన్చెర్టో గుర్తొస్తుంది. లేడీ బ్లంట్ సొంతదారు ఆన్ బ్లంట్ ఎవరో మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు చెప్పగలరా? కంప్యూటర్ ప్రోగ్రామ్ మొదట రాసిందంటారే, ఆ ఎడా లవ్‌లేస్ కూతురు. లార్డ్ బైరన్ మనవరాలు.

#17 కమానుపుల్ల
అబ్బ! ఇది తెలియదు. ఇప్పుడు నాకు ఆ ఫిడేలు మీద గౌరవం వచ్చింది, ఐటీ కులస్థులం కదా.

#18 న్యూజెర్సీ వాణి
డా విన్చీ ఫిడేలు అమ్మినాయన జపాన్‌లో కర్రీ హోటళ్ళ చైన్ పెట్టినాయన అని చదివాను. మునెత్సుగు గారు. కూర అమ్మి స్ట్రాడ్ కొన్నాడని మా అమ్మాయి తెగ నవ్వింది.

#19 క్రెమోనా కుర్రాడు
అందుకే చాలామంది కళాకారులకు సొంత స్ట్రాడ్ ఉండదక్కా. ఫౌండేషనో, బ్యాంకో, ఇలాంటి వ్యాపారస్థుడో కొని, వాయించేవాళ్ళకు అప్పుగా ఇస్తాడు. కొన్నేళ్ళ తర్వాత వెనక్కి ఇచ్చేయాలి. పిల్లని పెంచి ఇచ్చినట్టే ఉంటుందట.

రేటు ఆశకు హద్దు ఉందనడానికి ఒకటి చెబుతా. స్ట్రాడివారి వయోలాలు పది దాకానే మిగిలాయి. వాటిలో 1719 'మెక్‌డొనాల్డ్' వయోలాను 2014లో సోథ్‌బీస్ వాళ్ళు 4 కోట్ల 50 లక్షల డాలర్లకు తగ్గకుండా కవర్లలో పాట వేయమన్నారు. ఎవరూ రాలేదు.

#20 సందేహాల సత్తి
ఇంత ఖరీదైంది దొంగతనం చేస్తే లైఫ్ సెటిలే కదా?

#21 లెక్కల మాస్టారు
అదే పొరపాటు. ప్రతి స్ట్రాడ్‌కూ ఫొటోలు, చెక్క గీతలు, పగుళ్ళ లెక్క అన్నీ నిపుణుల దగ్గరుంటాయి. మొహం తెలిసిన సొత్తు. ఎవడు కొంటాడు?

2010లో లండన్ యూస్టన్ స్టేషన్ దగ్గర ఒక కెఫేలో మిన్-జిన్ కిమ్ అనే కళాకారిణి 1696 స్ట్రాడ్ పోయింది. విలువ పన్నెండు లక్షల పౌండ్లు. దొంగలు దాన్ని ఇంటర్నెట్ కెఫేలో ఒక మనిషికి 100 పౌండ్లకు ఇస్తామన్నారు. ఆయన "మా అమ్మాయికి రికార్డర్ (పిల్లనగ్రోవి లాంటిది) ఉంది, ఫిడేలు వద్దు" అన్నాడట!

2013లో దొరికింది. కానీ అప్పటికి ఇన్సూరెన్సు వాళ్ళు డబ్బు కట్టేశారు, ఆవిడ ఆ డబ్బుతో ఇంకోటి కొనేసుకుంది. పాతది వాళ్ళ సొత్తయిపోయింది. అదే ఏడాది వేలంలో 13 లక్షల 80 వేల పౌండ్లకు ఇంకొకరికి పోయింది. ఏళ్ళ తరబడి తోడున్న ఫిడేలు కళ్ళెదుటే వేరేవాళ్ళ చేతికి. లెక్కల మనిషిని, నాకే గొంతు పట్టేసింది చదువుతుంటే.

#22 తాతగారి పెట్టె (రాజమండ్రి)
అందరికీ నమస్కారం. ఈ థ్రెడ్ చదివి రాత్రంతా నిద్ర పట్టలేదు. అటకమీద మా తాతగారి ఫిడేలు ఉంది. ఎఫ్ ఆకారపు కన్నంలోంచి టార్చ్ వేసి చూస్తే లోపల పసుపు కాగితం మీద "ఆంటోనియస్ స్ట్రాడివేరియస్ క్రెమొనెన్సిస్ ఫాసియెబాట్ అన్నో 1721" అని అచ్చులో ఉంది. లేడీ బ్లంట్ ఏడాదే! నాలుగేళ్ళ క్రితం ఒక షాపువాడికి చూపిస్తే "ఇది పాతది, ముప్ఫై వేలిస్తా, వెంటనే ఇచ్చేయ్" అని తొందరపెట్టాడు. అనుమానం వచ్చి ఇవ్వలేదు. ఇప్పుడెవరికి చూపించాలి? భార్యకు ఇంకా చెప్పలేదు.

#23 సందేహాల సత్తి
వంద కోట్లలో నాకు పది శాతం. నేను మొదట లైక్ కొట్టాను.

#24 బందరు రోడ్డు బెంచీ
బాబూ, ఆశ పెట్టుకోకముందే చెబుతున్నా, బాధపడకండి. ఈ చీటీ ఉన్న ఫిడేళ్ళు నా బెంచీ మీదకు ఏడాదికి పదైనా వస్తాయి. జర్మనీలో, ఫ్రాన్స్‌లో, బొహీమియాలో ఫ్యాక్టరీ ఫిడేళ్ళు లక్షల్లో చేసినప్పుడు ఇవి అంటించేవాళ్ళు. అప్పట్లో దాన్ని మోసం అనుకోలేదు, "స్ట్రాడివారి నమూనా" అని చెప్పడమే. అసలు చీటీ మీద "17" దాకా అచ్చు, చివరి రెండంకెలు ఆయన చేత్తో రాసేవాడు. మీది నాలుగంకెలూ అచ్చే అంటున్నారు.

ఇంకో మూడు చూడండి. పలక అంచు చుట్టూ నలుపు-తెలుపు-నలుపు సన్నని గీత ఉంటుంది, పర్ఫ్లింగ్ అంటారు. నిజమైనదైతే అది గీత కాదు, మూడు చెక్క పట్టీలు గాడిలో దించినవి. పగులు లోపలికి పాకకుండా ఆపడానికి. గోరుతో మెల్లగా రాయండి. ఇంక్‌తో గీసిందైతే ఏమీ తగలదు. రెండు, తల కింద మెడకు అతుకు గీత ఉందా చూడండి. మూడు, దంతవైద్యులు వాడే చిన్న అద్దం కన్నంలోంచి పెట్టి, చీటీ కింద, మెడ మొదట్లో ఏమైనా ముద్ర ఉందా వెతకండి. 1891 నుంచి అమెరికా వెళ్ళే సరుకు మీద దేశం పేరు వేయాలని చట్టం వచ్చింది, అందుకే చాలా ఫ్యాక్టరీ ఫిడేళ్ళ మీద ఉంటుంది.

#25 ఇజీనారం మాస్టారు
"ఫాసియెబాట్" అంటే "చేయుచుండెను" అట, "చేసెను" కాదు. పని ఇంకా పూర్తి కాలేదన్నట్టు. ఎవరో పాతికేళ్ళ క్రితం చెప్పారు, నాకు భలే నచ్చింది.

#26 తాతగారి పెట్టె
మా డెంటిస్ట్ బావమరిదిని అద్దం అడిగి తెచ్చాను. పర్ఫ్లింగ్ పట్టీలు పైపలక మీద నిజమైనవే, వెనకపలక మీద మాత్రం గీసినవి. మెడకు అతుకు లేదు. చీటీ కింద మసకగా "మేడ్ ఇన్ చెకోస్లొవేకియా" అని ఉంది.

#27 లెక్కల మాస్టారు
చెకోస్లొవేకియా 1918లో పుట్టిన దేశం. 1721కి ఇంకా రెండు వందల ఏళ్ళ దూరం.

#28 తాతగారి పెట్టె
అర్థమైంది మాస్టారూ. మా నాన్నని అడిగితే తాతగారు 1936లో మద్రాసులో కొన్నారని, జీతంలో సగం పెట్టారని చెప్పారు. అమ్మను గానీ బాగు చేయించాలనుంది. బిరడాలు నిలవడం లేదు, శ్రుతి పెట్టగానే జారిపోతున్నాయి. పైపలక మీద కింద ఒక చోట జానెడు పగులు. మా పిల్ల ఎనిమిదో తరగతి, ఇజీనారం మాస్టారి ఊళ్ళోనే మేనత్త ఇంట్లో ఉండి చదువుతోంది.

#29 బందరు రోడ్డు బెంచీ
పగులు దగ్గర ఫెవికాల్ మాత్రం వేయకండి, మీకు పుణ్యముంటుంది. నేను సరేసు వాడతాను, రేపు ఎవరైనా విప్పాలన్నా ఆవిరి పడితే ఊడుతుంది. తీగల బిగువు వదిలేసి, పెట్టెలో బట్ట చుట్టి పెట్టండి. పూర్తిగా విప్పేయకండి, లోపలి పుల్ల పడిపోతుంది. బిరడాలకు ప్రస్తుతానికి సుద్ద ముక్క రాసి చూడండి. శనివారం మధ్యాహ్నం తర్వాత తీసుకురండి, ఉదయం నేను కచేరీ మైకుల పని మీద ఉంటాను. బిరడాలు కొత్తవి, పగులుకు లోపల చిన్న బిళ్ళలు, బ్రిడ్జి, తీగలు కలిపి ఏడెనిమిది వేలలో అయిపోతుంది.

#30 ఇజీనారం మాస్టారు
పాపను ఆదివారం పొద్దున్న పంపండి. బాగయ్యేదాకా నా దగ్గరున్న చిన్న ఫిడేలు ఇస్తాను. గోళ్ళు తీసుకుని రమ్మనండి.